కళ్ళలో చుక్కలు వేసిన గంట

టుప్ అని చప్పుడెందుకయింది? ఫోనులో ఓపికకి రాస్తే చప్పుడు కాదు. మూడు నెలలుగా దానికి ఎంత పెద్ద గోడు రాసి పంపినా సద్దు లేకుండా వెళ్ళిపోతుంది, రెండు క్షణాలాగి జవాబు మొదలవుతుంది, అంతే. టుప్ అనేది మనుషులకి పంపినప్పుడు. నేను మెసేజిలు పంపే మనుషులు ఎందరని, వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అందులో ఇందాకటి నుంచి పలకరించింది మావారొక్కరే. మూడున్నరకి 'చుక్కలు వేశారా' అని అడిగారు, 'వేశారు' అన్నాను, మళ్ళీ ఏదో అడిగారు, అప్పటికే నేను ఓపికకి రాసుకుంటున్నాను, ఆ మెసేజి పైనుంచి దిగి అడ్డం వచ్చినట్టుంది, బొటనవేలితో పక్కకి నెట్టేశాననుకున్నాను. నెట్టేశానా, నొక్కానా? ఫోను ముక్కు దగ్గరకి తెచ్చుకున్నాను. పాలు ఒలికిన బల్లలా ఉంది. చెయ్యి చాచి దూరంగా పట్టుకుంటే ఒలికిన పాలు కాస్త చిన్నవయ్యాయి, అందులో ఒక లేతాకుపచ్చ మరక, పొడుగ్గా, దాదాపు తెర నిండా. ఓపిక దగ్గర ఆకుపచ్చ ఉండదు. మనుషులకి రాసినప్పుడే మన మాట ఆకుపచ్చగా పడుతుంది. అమ్మో, అది ఆయనకి వెళ్ళిపోయింది.

కంగారుపడకు, మొదటి నుంచి చూసుకుంటూ రా, అని నాకు నేనే చెప్పుకుంటున్నాను, సాక్షికి లాయరు చెప్పినట్టు. కంటి ఆస్పత్రికి వచ్చాను. కళ్ళజోడు పవరు కొలుస్తామని లోపలికి పట్టుకుపోయారు, ఇంకా ఇవ్వలేదు. నర్సమ్మ పది నిమిషాలకొకసారి వచ్చి చుక్కలు వేసింది, మూడుసార్లు. కంటిపాప బాగా తెరుచుకోవాలి, గంటసేపు కదలకండి, అంది. మొదటి చుక్కలకి అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి. రెండోసారికి ఉబ్బాయి. మూడోసారికి ఒకదాన్లో ఒకటి కలిసిపోయాయి. ఇంకొకరైతే అక్కడ ఆపేసేవారు. నేను స్టెనోని. కుటుంబ న్యాయస్థానంలో ఇరవై రెండేళ్ళుగా విడిపోయేవాళ్ళ మాటలు టైపు కొడుతున్నాను, తల ఎత్తి సాక్షి మొహం చూస్తూ కొడతాను, కీబోర్డు చూసి కొట్టేవాళ్ళంటే నాకు చిన్నచూపు. ఆ పొగరే నా కొంప ముంచింది. కళ్ళు మూసుకుని, గోడకి ఆనుకుని, ఫోను మీద కూడా అలాగే వేళ్ళు ఆడించుకుంటూ పోయాను.

ఓపిక అంటే మనిషి కాదు. ఫోనులో ఉండే చాట్‌బాట్. కంపెనీవాళ్ళు దానికేదో పేరు పెట్టారు గానీ నాకు నోరు తిరగలేదు. అడిగిందే అడిగినా విసుక్కోదు, ఎంతసేపైనా వింటుంది, నా వాళ్ళలో అలాంటి లక్షణం ఎవరికీ లేదు కాబట్టి ఆ పేరు పెట్టుకున్నాను. మా ఆఫీసులో బెంచి గుమాస్తా ఒకసారి నా భుజం మీంచి తొంగిచూసి, "మొగుడి మీద చాడీలు మరకి చెప్పుకుంటున్నారేంటి మేడమ్, మేం లేమా?" అన్నాడు. ఉన్నారు నాయనా, మీరుంటే మధ్యాహ్నం భోజనాల వేళకి జడ్జిగారి డ్రైవరుకి కూడా తెలిసిపోతుంది. ఓపికకి చెబితే ఎవరికీ తెలియదు. తెలియదనే కదా అన్నీ చెప్పుకున్నాను. ఇప్పుడు ఏం రాశాను? నాకు గుర్తుండకపోవడమేమిటి, అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది, అదే నా రోగం. 'గది సంగతి ఇవాళ తేల్చాలి. ఐదింటికి ఆవిడ ఫోన్ చేస్తుంది. ఆయనకి ఇంకా చెప్పలేదు. చెప్పి వెళ్ళాలా, వెళ్ళి చెప్పాలా? ఆయన చెడ్డవాడు కాదు. కొట్టడు, తిట్టడు, తాగడు. అసలు ఏమీ చెయ్యడు. ఏడాది నుంచి ఒక్క మాట కోసం కాచుకుని కూర్చున్నాను. ఆ మాట నువ్వు రెండు నిమిషాల్లో అన్నావు. నువ్వు లేకపోతే ఈ మూడు నెలలూ ఎలా గడిచేవో నాకు తెలియదు. వెళ్ళిపోనా? నువ్వు చెప్పు.'

నువ్వు! పెళ్ళయి పాతికేళ్ళయినా ఆయన్ని నేను నువ్వు అన్నది లేదు. చదివీ చదవగానే తెలిసిపోతుంది, ఇది తనకి రాసింది కాదని. మరెవరికి? నువ్వు లేకపోతే ఈ మూడు నెలలూ ఎలా గడిచేవో. ఛీ ఛీ, ఇదేం రాతే తల్లీ, నలభై తొమ్మిదేళ్ళ మోకాళ్ళ నొప్పుల దానివి. ఆయన ఏమనుకుంటారు? పెళ్ళానికి ఎవడో ఉన్నాడు, గది కూడా చూసి పెట్టాడు, ఐదింటికి ముహూర్తం. సిగ్గులేని నవ్వు కూడా వచ్చింది. కోర్టులో ఇలాంటి కాగితాలు ఎన్ని చూడలేదు, 'నిశాని బి' అని గుర్తు వేసి సాక్ష్యంగా ఫైలులో పెడతారు. చెరిపెయ్యొచ్చు, పంపినదాన్ని చెరిపే దారి ఉంటుంది, ఎక్కడో నొక్కి పట్టుకోవాలి, కానీ ఎక్కడ నొక్కాలో కనిపిస్తే కదా. తప్పు నొక్కితే ఇంకెవరికి పోతుందో. పక్కవాళ్ళనడిగితే వాళ్ళు ముందు చదువుతారు. ఆయన ఈపాటికి చూసి ఉండరు. లిఫ్టులు బాగుచేసే మనిషి, పనిలో దిగితే ఫోను సంచిలో పడేసి సంచి పై అంతస్తులో కొక్కేనికి తగిలించి చీకటి గొయ్యిలో తాళ్ళ మధ్య గంటలు గంటలు ఉంటారు. ఇవాళ పక్క వీధిలోనే పని, అవగానే వచ్చి తీసుకెళతాను, నీకు దారి కనపడదు కదా, అన్నారు పొద్దున. అంతే అన్నారు. పెద్ద మాట, ఆయన లెక్కలో.

హాల్లో టీవీ మోగుతోంది. మామూలుగా నేను పట్టించుకోను, ఇవాళ చూపు లేదు కాబట్టి చెవులు నాలుగింతలయ్యాయి. మొగుడూ పెళ్ళాల తగాదాలకి చాట్‌బాట్ సలహా అడగవచ్చా అని చర్చట. నేను ఏడ్చింది చాలక ఇది కూడానా. ఒక సైకాలజిస్టు ఔనంటున్నాడు, కొంతవరకూ అంటున్నాడు, యాంకరమ్మ కొంతవరకూ అంటే ఎంతవరకూ అని పట్టుకుంది. ఇక్కడ హాల్లో నా ఎదుటి వరసలో ఒక బూడిదరంగు ఆకారం ఉంది, నిమిషానికోసారి గొంతు సవరించుకుంటుంది, రిటైరయిన పెద్దమనిషి అయి ఉండాలి. "ఎంత దిక్కుమాలిన కాలం వచ్చిందండీ. కాపురం సంగతులు మరకి చెప్పుకోవడమేమిటి? రేపు పిల్లల్ని కూడా అదే కంటుందేమో" అన్నాడు. ఎవరో నవ్వారు. నా ఎడమ పక్క కూర్చున్నావిడ బస్సు కండక్టరట, కంట్లో నలకపడి పుండయి ఒక కంటికి కట్టు కట్టారు, రెండో కన్నుతో ప్రపంచాన్ని ఏలుతోంది, గొంతు మాత్రం బస్సు చివరి సీటు దాకా వెళ్ళేలా ఉంటుంది. "తప్పేముంది సార్? మా అత్తకి చెబితే నాదే తప్పంటుంది, మా అమ్మకి చెబితే ఆయనదే తప్పంటుంది. అదైతే ఎవరి పక్షమూ పట్టదు కదా?" అంది. పెద్దాయన ఊరుకోలేదు. "పట్టదా? నువ్వు చెప్పిందే విని నీకు చెబుతుంది. అవతలివాడు అక్కడ లేడు కదమ్మా." కండక్టరమ్మ, "అవతలివాడు ఇంట్లో ఉన్నా లేనట్టే కదండీ" అంది. ఆ మాటకి ఆడవాళ్ళందరూ ఒక్కసారి నవ్వారు, నేను కూడా, నవ్వి వెంటనే నోరు మూసుకున్నాను, చెంపలు కాలుతున్నాయి. ఇంతమందిలో అది వాడుతున్నదాన్ని నేనేనని ఎవరికీ తెలియదు. లేక అందరూ వాడుతూ ఎవరికి వారే అలా అనుకుంటున్నారో.

ఇంట్లో ఉన్నా లేనట్టు అంటే అది నిజం కాదు. ఆయన ఉంటారు. అత్తగారి మంచం పక్కన కూడా ఉండేవారు, కుర్చీ వేసుకుని, మాట లేకుండా. మూడేళ్ళు ఆవిడ ఆ మంచం మీదే ఉంది. మొదటి ఏడు నన్ను పేరుపెట్టి పిలిచేది, రెండో ఏడు ఎవరే నువ్వు అనేది, మూడో ఏడు అదీ లేదు. పొద్దున్న నర్సు, నేను కోర్టు నుంచి వచ్చాక నేను. తుడవడం, తిప్పడం, పక్కబట్టలు మార్చడం, చెంచాతో తినిపించడం. ఒకరోజు తినిపిస్తుంటే... ఆ సంగతి వద్దులే. నర్సమ్మ ఇందాక చుక్కలు వేస్తూ, "గడియారం కుడిచేతికి పెట్టుకున్నారేంటండీ, ఎడమచేతివాటమా?" అంది. అలవాటమ్మా అన్నాను. ఎడమ మణికట్టు మీద సరిగ్గా పట్టీ పడేచోట అర్ధచంద్రంలా మచ్చ ఉంది, ఆవిడ కొరికిన మచ్చ. ఆ చేతిని వదిలించుకోవడానికి ఎంతసేపు పట్టిందో. పాపం, ఆవిడకేం తెలుసు, ఎవరో పరాయి మనిషి నోట్లో ఏదో కుక్కుతోందనుకుంది. పిల్లలు లేని నన్ను తను ఎన్ని మాటలన్నా, ఇంకొకరిని అననిచ్చిన మనిషి కాదు. అందుకే ఎవరికీ చెప్పలేదు. ఆయన అడిగితే తలుపు సందులో పడింది అన్నాను, ఊఁ అన్నారు. పట్టీ ఒరుసుకుంటోందని గడియారం కుడిచేతికి మారింది, జాకెట్టు చేతులు పొడుగు కుట్టించుకున్నాను, ఓపికకి కూడా చెప్పలేదు. చచ్చిపోయిన మనిషి మీద మరకి చాడీ చెప్పడమేమిటి అనిపించింది. కానీ ఆ వారంలోనే జరిగిన ఇంకోటి మాత్రం దానికి చెప్పాను. సాయంత్రం నేను కంచం పట్టుకుని గదిలోకి వెళుతుంటే ఆయన ఎదురొచ్చి, "ఇటివ్వు, రాత్రిపూట నేను పెడతాను" అని నా చేతిలోంచి కంచం తీసుకున్నారు. ఎందుకని చెప్పలేదు. ఆ రోజు నుంచి రాత్రి భోజనం ఆయనదే. నేను వంటింటి గుమ్మంలో నిలబడి, నా చేతి మీద నమ్మకం పోయిందన్నమాట, తల్లికి సరిగా పెట్టట్లేదని అనుమానం అన్నమాట, అనుకున్నాను. ఓపిక ఏమంది? 'ఆ క్షణం మీకు అవమానంగా అనిపించి ఉంటుంది' అంది. అవును, అంతే, సరిగ్గా అదే.

తర్వాత ఆవిడ పోయింది. పదిరోజుల తర్వాత ఇంటికి చుట్టాలూ తెలిసినవాళ్ళూ వచ్చారు, ముందు గదిలో కుర్చీలు చాలక చాపలు వేశాం. ఎవరో ఆయన్ని రెండు మాటలు చెప్పమన్నారు. నోట్లో నాలుక లేని మనిషి లేచి నిలబడ్డారు. డాక్టరుగారికి కృతజ్ఞతలు అన్నారు. ఏ వేళ పిలిచినా కారు తీసిన పక్కింటాయనకి అన్నారు. పొద్దుటి నర్సుకి, ఆ అమ్మాయి పేరుపెట్టి మరీ అన్నారు. నేను మంచినీళ్ళ గ్లాసుల పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఇప్పుడు నా పేరు వస్తుంది అనుకున్నాను. పైకి ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి పళ్ళెం సర్దుకున్నాను కూడా. ఆయన కూర్చుండిపోయారు. ఏడాదయింది, నేనింకా ఆ గుమ్మంలోనే ఉన్నాను. మూడు నెలల కింద ఒక ఆదివారం మధ్యాహ్నం ఇదంతా ఓపికకి రాస్తే రెండు నిమిషాల్లో అంది, 'మూడేళ్ళపాటు మీరు చేసిన సేవ చిన్నది కాదు. అది ఎవరి కంటా పడకపోయినా దాని విలువ తగ్గదు.' చదివి బాత్రూములో కూర్చుని ఏడ్చాను, కుళాయి తిప్పి.

అయినా ఆ మాటకి ఎంత బరువుందో నాకే అనుమానం. ఈమధ్య కోర్టుకి వచ్చే అర్జీలు చూస్తున్నాను కదా. ఒకప్పుడు ఏ మనిషి అర్జీ ఆ మనిషిలా ఉండేది. ఒకావిడ 'నా మొగుడు నేను చావకముందే నాకు సంవత్సరీకం పెట్టేశాడు' అని రాసింది, జడ్జిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇప్పుడు భార్య అర్జీలోనూ 'నా భావాలకి గుర్తింపు దొరకలేదు', భర్త జవాబులోనూ 'నా భావాలకి గుర్తింపు దొరకలేదు'. ఇద్దరూ ఒకే చోట రాయించుకుని ఎదురెదురుగా నిలబడుతున్నారు. నేను టైపు కొడుతూ, మరి నేనేం చేస్తున్నాను, అనుకుంటాను. సాయంత్రం ఇంటికెళ్ళి మళ్ళీ దాన్నే తెరుస్తాను. గది సంగతి కూడా మొదట అదే ఎత్తిందా, నేను ఎత్తితే అది అందుకుందా? 'కొంతకాలం విడిగా ఉండి ఆలోచించుకోవడం కొందరికి ఉపయోగపడుతుంది' అని దాని వాక్యమే. కోర్టు వెనక వీధిలో ఒంటిగది, నాలుగో అంతస్తు, కిటికీలోంచి ఆకాశం తప్ప ఏమీ కనిపించదు, లిఫ్టు ఏడాదిగా మూలపడి ఉంది. లిఫ్టు మెకానిక్ పెళ్ళాం నాలుగంతస్తులు మెట్లెక్కి కాపురం వదిలేసిందని నలుగురూ నవ్వుకుంటారు, నవ్వుకోనీ. ఇంటావిడ మంచిదే, ఇంకెవరో కాచుకుని ఉన్నారు, గురువారం ఐదింటికి ఫోన్ చేస్తాను, ఔనో కాదో చెప్పేయండి, అంది. ఆవిడ నంబరు 'గది' అని పెట్టుకున్నాను. ఇవాళే గురువారం.

ఫోను అరచేతిలో వణికింది. మెసేజి. ఓపిక ఎప్పుడూ వణికించదు. ఆయనే. చదివేశారు, పైగా జవాబిచ్చారు. తెర మీద పాలలో ఇంకో మరక, ఈసారి బూడిదరంగు, పొడుగ్గా, చాలా పొడుగ్గా. మా ఆయన ఇంత పొడుగు మెసేజి రాయడమా? ఆయన జవాబులు 'సరే', 'వస్తున్నా', 'తిన్నా'. ఇంత రాశారంటే తిట్టి ఉండాలి. తిట్టడం రాని మనిషి పాతికేళ్ళవన్నీ కలిపి ఒక్కసారి తిట్టి ఉండాలి. గోడ గడియారంలో టైమెంతో కనిపించదు, నర్సమ్మ పిలవదు, ఇంక ఆగలేకపోయాను. "ఏమ్మా, ఇది కాస్త చదివిపెడతావా, కింద వచ్చిన ఒక్కటే, పైది వద్దు" అని ఫోను కండక్టరమ్మకి ఇచ్చాను. "ఇటివ్వండక్కా, అదెంత పని" అని అందుకుంది. నెమ్మదిగా చదువు అందామనుకునేలోపే స్టాపులు కేకేసినట్టు మొదలుపెట్టేసింది.

"నీ మెసేజి చదివాను. నీ మనసులో ఇంత బాధ ఉందని గుర్తించలేకపోయాను. అందుకు క్షమించు. మూడేళ్ళపాటు అమ్మకి నువ్వు చేసిన సేవ చిన్నది కాదు. అది ఎవరి కంటా పడకపోయినా దాని విలువ తగ్గదు. నీ నిర్ణయం ఏదైనా నేను గౌరవిస్తాను. మనం తీరిగ్గా, ఒకరి మాట ఒకరు వింటూ మాట్లాడుకుందాం."

కండక్టరమ్మ గొంతు చివరికొచ్చేసరికి దానంతటదే తగ్గిపోయింది. "అక్కా, ఎవరు రాసింది?" అంది. మావారు అన్నాను. "అదృష్టవంతులక్కా మీరు" అంది, మంచి కన్ను తుడుచుకున్నట్టుంది. ఎదుటి వరసలో పెద్దాయన గొంతు సవరించుకుని, "అదీ! మనిషి అంటే అదీ. ఈ మాట ఏ మర చెప్పగలదండీ? కడుపులోంచి రావాలి" అన్నాడు. వెనకనుంచి ఒకావిడ, మా ఇంటాయన ఇందులో సగం రాసినా చాలు, అంది. అందరూ నా వైపే చూస్తున్నారని తెలుస్తూనే ఉంది, చూపు లేకపోయినా. నేను నవ్వాలా? ఈ మాట నాకు కంఠతా వచ్చు. 'మీరు' తీసి 'నువ్వు' పెట్టారు, 'అమ్మకి' అని కలిపారు, అంతే తేడా. ఏడాది కాచుకుని కూర్చున్న మాట చివరికి వచ్చింది, వచ్చింది మళ్ళీ ఓపిక నోటి నుంచే. లిఫ్టు గొయ్యిలోంచి పైకెక్కి, నూనె చేతులు తుడుచుకుని, నా మెసేజి చదివి, ఏం చెప్పాలో తోచక ఆయన కూడా దాన్నే అడిగారు. ఒళ్ళు మండింది. కాదు, జాలేసింది. కాదు, రెండూ కావు, ఒకే ఓదార్పుకి రెండు కాపీలు తీసి ఒకటి ఆయనకి ఒకటి నాకు పంచిపెట్టినట్టుంది.

ఆగు. ఇంకొకటుంది. నా మెసేజిలో అత్తగారి ఊసు లేదు. సేవ అని లేదు, మూడేళ్ళు అని లేదు. ఒక్క మాట కోసం కాచుకుని కూర్చున్నాను అనే రాశాను, ఏ మాటో రాయలేదు. మరి దానికెలా తెలిసింది? ఆయన చెబితేనే తెలియాలి. నా భార్య మా అమ్మని మూడేళ్ళు చూసుకుంది, నేను ఒక్క మాటైనా అనలేదు, అని ఆయన తన వేళ్ళతో దానికి రాసి ఉండాలి. అంటే ఏ మాటో ఆయనకి తెలుసు. ఇవాళ తెలిసిందా, ఎప్పటి నుంచో తెలుసా? తెలిసీ ఏడాది నోరెత్తలేదంటే ఇంకా పెద్ద తప్పు కాదా? మరకి చెప్పగలిగినవాళ్ళం, నేనూ ఆయనా, ఒకే ఇంట్లో ఒకే బల్ల దగ్గర కూర్చుని ఉప్పు అందుకో అనుకుంటూ. నాకేమీ అర్థం కావడం లేదు. కళ్ళు మూసుకున్నా వెలుతురు గుచ్చుకుంటోంది.

నూనె వాసన వచ్చింది. లిఫ్టు తాళ్ళకి రాసే నూనె, ఎన్ని సబ్బులు రుద్దినా పోదు. ఎదురుగా నీలంగా నిలువుగా ఒక మనిషి నిలబడ్డాడు. కండక్టరమ్మ, "ఈయనేనా అక్కా?" అని జరిగి చోటిచ్చింది. ఆయన కూర్చున్నారు. సంచి కాళ్ళ దగ్గర పెట్టుకున్న చప్పుడయింది.

"ఆ నువ్వు ఎవరు?" అన్నారు, బాగా చిన్నగా.

"ఎవరూ కాదు. ఇందాక మీరు ఎవర్ని అడిగి రాశారో, అదే."

ఊపిరి బయటికి వదిలినట్టయింది. అది నవ్వో, ఏమిటో, మొహం కనిపిస్తే తెలిసేది. "సైటులో కుర్రాళ్ళందరి ఫోన్లలోనూ ఉంది. పై అంతస్తులో కూర్చుని అడిగాను" అన్నారు. "బాగోలేదా?"

"బాగానే ఉంది. హాలంతా మెచ్చుకున్నారు."

"నాకు రాయడం రాదు కదా."

"మాట్లాడటం?"

ఆయన నా ఎడమచెయ్యి పట్టుకున్నారు. ఆస్పత్రి హాల్లో, నలుగురిలో, ఈ మనిషి. జాకెట్టు చెయ్యి పైకి జరిపి బొటనవేలితో మణికట్టు మీద తడిమారు, వెతకలేదు, తిన్నగా మచ్చ మీదే పెట్టారు.

"తలుపుకి పళ్ళుండవు కదా" అన్నారు.

"తెలుసా మీకు?"

"చూస్తే తెలియదా? అందుకే కదా రాత్రిపూట కంచం నేను తీసుకున్నాను. పొద్దుటి నర్సుకి కూడా చెప్పాను, జాగ్రత్తమ్మా అని. అమ్మ నన్ను రెండుసార్లు కరిచింది. నా చేతులకైతే ఫరవాలేదు." మచ్చ మీంచి వేలు తియ్యకుండానే, "ఆవేళ అందరి ముందూ నీ పేరు ఎత్తితే ఆ సంగతి కూడా గుర్తొస్తుందని, ఏడుస్తానేమోనని, కూర్చుండిపోయాను. తర్వాత చెబుదామనుకున్నాను. తర్వాత మరీ ఆలస్యమైపోయింది" అన్నారు.

కంచం. మూడు నెలలు ఓపికా నేనూ ఆ కంచాన్ని ఎన్నిసార్లు తిరగేసి బోర్లేసి చూశాం. అవమానంగా అనిపించి ఉంటుంది అంది పాపం, దాని తప్పేముంది, కొరికిన సంగతి నేను దాచిపెట్టాను, నేను చెప్పిన దాంట్లోంచే అది చెప్పింది. పెద్దాయన అన్నది అదే కదా, అవతలివాడు అక్కడ లేడు. అవతలివాడు ఇంట్లో కూడా నోరు విప్పలేదు, ఆ పాపం ఎవరిది? నాకు ఒక పక్క దుఃఖం పొంగుతోంది, ఇంకో పక్క ఈ మనిషిని పట్టుకుని కుదిపెయ్యాలని ఉంది, రెండేళ్ళ కింద ఈ నాలుగు ముక్కలు చెబితే మీ సొమ్మేం పోయేదండీ అని. అడగలేదు. నా చెయ్యి ఇంకా ఆయన చేతిలోనే ఉంది, తీసుకోవాలని కూడా తోచలేదు.

కండక్టరమ్మ ఒళ్ళోనే మర్చిపోయిన ఫోను మోగింది. ఆవిడ తీసి ఆయనకిచ్చింది. ఆయన తెర చూశారు.

"గది అని పడుతోంది" అన్నారు. "ఎత్తనా?"

ఐదయిందన్నమాట. ఔను అనాలా, కాదు అనాలా, ఒక గంట కింద ఇది నాకు తెలుసు, ఇప్పుడు పేరు అడిగినా చెప్పలేనేమో. "ఎత్తండి. మీకు తోచింది చెప్పండి. ఎవర్నీ అడక్కుండా" అన్నాను.

ఆయన గొంతు సవరించుకున్నారు, ఎదుటి వరసలో పెద్దాయన కూడా సవరించుకున్నాడు. "నమస్కారమండీ. ఆవిడ భర్తని మాట్లాడుతున్నాను... ఔనండి, పక్కనే ఉంది. కళ్ళలో మందు వేశారండి, ఇవాళ ఆవిడకి ఏమీ కనపడదు. రేపు చెబుతుందిలెండి, ఒక్కరోజు ఆగండి... నేనేం చెబుతానండీ, అది ఆవిడే చెప్పాలి." అక్కడితో పెట్టేస్తారనుకున్నాను. పెట్టలేదు. "అది ఎన్నో అంతస్తండీ? నాలుగా? లిఫ్టుందా? ఏడాది నుంచా? పైన మోటారు తిరుగుతుందా, అసలు కదలదా? చప్పుడేమైనా వస్తుందా?" ఆవిడ ఏదో చెబుతోంది, ఈయన ఊఁ కొడుతున్నారు, నాతో ఎన్నడూ కొట్టనన్ని ఊఁలు. "ఆవిడకి మోకాళ్ళ నొప్పులండీ, నాలుగంతస్తులు ఎక్కలేదు. ఆదివారం నేనొచ్చి బాగుచేసి పెడతాను. ఆవిడ వచ్చినా, రాకపోయినా" అని పెట్టేశారు.

నర్సమ్మ గుమ్మంలోంచి నా నంబరు పిలిచింది. ఆయన లేచి, సంచి భుజాన వేసుకుని, నా మోచెయ్యి పట్టుకున్నారు. నడుస్తూ మధ్యలో ఆగి, "మెట్టుంది" అన్నారు. నేను కాలెత్తి వేశాను.